పాత మఠం కట్టడాన్ని చదవడం ఎలా: కొలతపట్టీ నుంచి గచ్చు దాకా

హైదరాబాదులో పాత మఠం కట్టడాన్ని అధ్యయనం చేయాలంటే మే రెండో సగంలో మొదలుపెట్టండి. ఎండ మాడ్చేస్తున్నా సరే, అదే సరైన సమయం. తొలకరికి ముందు గోడలు బాగా ఆరి ఉంటాయి కాబట్టి ఉప్పు తేలిన చోట్లు, పాత తడి మరకల అంచులు, నెర్రెలు అన్నీ తేటగా కనబడతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా అవే చోట్లు తడిసినప్పుడు ఎలా మారుతున్నాయో చూడాలి. తాపీ పట్టేది దసరా తర్వాతే. ఒక వానాకాలం మొత్తం చూడకుండా మరమ్మతుకు అంచనా రాయడమంటే నాడి పట్టకుండా మందు రాయడమే. సున్నంతో కట్టిన గోడను మొదట దెబ్బతీసేది నీరు. ఆ నీరు ఎటునుంచి వస్తోందో చూడకుండా పైన పూసే సిమెంటు ఆ దెబ్బను రెట్టింపు చేస్తుంది.

మఠం అంటే ఒక్క గుడి కాదని కూడా ముందే గుర్తుపెట్టుకోవాలి. వ్యాపారి పూరన్‌మల్ గనేరీవాలా 1830లలో కట్టించిన సీతారాంబాగ్ గుడి లాంటి ఆవరణలను చూడండి. ఎత్తైన దేవిడీ (ప్రవేశ ద్వారం), లోపల చౌకు (నడి ముంగిలి), గర్భగుడి, చుట్టూ వరండాలు, యాత్రికులు దిగే గదులు, బావి అన్నీ ఉంటాయి. మఠమైతే వీటికి మహంతు (మఠాధిపతి) గద్దె ఉన్న గది, వంటశాల, గోశాల, గురువుల సమాధులు కలుస్తాయి. ఇవన్నీ ఒకేసారి కట్టినవై ఉండవు. అందరూ గర్భగుడిని, దేవిడీని గీసుకుని వెళ్లిపోతారు. వంటశాల, స్నానాల గది, పశువుల కొట్టం ఎవరికీ పట్టవు. నీళ్లు ఎక్కువగా వాడేది అక్కడే, గోడలు ముందు పాడయ్యేదీ అక్కడే. కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టండి.

అనుమతి, కాగితాలు

ఆవరణ ఎవరి అధీనంలో ఉందో మొదట తేల్చుకోవాలి. మఠాధిపతా, ట్రస్టా, దేవాదాయ శాఖా? కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పక్క కట్టడం అలాంటిదైనా మీ పనికి ఈ నిబంధన తగలొచ్చు. రాష్ట్ర జాబితాలో ఉంటే 2017 తెలంగాణ వారసత్వ చట్టం కింద వారసత్వ శాఖ అనుమతి కావాలి. ఏ జాబితాలోనూ లేకపోయినా మఠం పెద్దల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎక్కడ ఫొటో తీయొచ్చు, ఎక్కడ తీయకూడదు, గర్భగుడిలో కొలతలు పూజారిచేత తీయించాలా, సమాధుల దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలి అన్నవి అందులోనే రాయించుకుంటే తర్వాత మాటపట్టింపులు రావు.

పాత పటాల్లో లియోనార్డ్ మన్ సర్వే పటాలను మించినవి లేవు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత, 1912 నుంచి 1915 వరకు నగరాన్ని కొలిచి గీసినవి అవి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో వెతకాల్సినవాటిలో పాత భూమి దస్తావేజులు, ఇనాం కాగితాలు కూడా ఉంటాయి. మన్ పటంలో ఉండి ఇప్పుడు లేని గోడ, ఇప్పుడు ఉండి ఆ పటంలో లేని గది, ఈ రెండింటినీ మీ చిత్రంలో వేర్వేరు రంగుల్లో గుర్తించండి. సగం చరిత్ర అక్కడే తేలుతుంది. పటంలో బావి కనబడి నేల మీద కనబడకపోతే ఇంకా జాగ్రత్త. పూడ్చిన బావి పక్క గోడ ఏనాటికైనా కుంగుతుంది.

శాసనాల్లో తేదీలు నాలుగు లెక్కల్లో ఉంటాయి, వాటిని కలగాపులగం చేయకండి. క్రీస్తు శకం రావాలంటే విక్రమ సంవత్‌లో 57 తీసేయాలి, శకానికి 78 కలపాలి, దక్కను ఫసలీకి (పన్ను వసూలుకు వాడిన లెక్క) 590 కలపాలి. హిజ్రీ చాంద్రమానం కనుక 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు సరిపోతుంది. విక్రమ 1889, శక 1754, ఫసలీ 1242, హిజ్రీ 1248 నాలుగూ 1832 దగ్గరే కలుస్తాయి. సంవత్సరం మొదలయ్యే నెల ఒక్కో లెక్కలో ఒకటి కాబట్టి నెల తెలియనప్పుడు ఒక ఏడాది అటూ ఇటూ వదిలి రాయండి. పైగా శాసనం చెప్పేది అది బిగించిన రాయి సంగతే. రాయిని ఒకచోటి నుంచి పీకి ఇంకోచోట పెట్టడం మామూలే, అందుకే దాని చుట్టూ దర్జులు (రాళ్ల మధ్య అతుకులు) తేడాగా ఉన్నాయేమో చూడండి.

కొలతలు

30 మీటర్ల పట్టీ, 5 మీటర్ల స్టీలు టేపు, లేజర్ మీటరు, తూకం గుండు, పారదర్శకమైన నీటి గొట్టం, గ్రాఫు పుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. నీటి గొట్టంతో ఆవరణ అంతటా ఒకే మట్టం గీత పెట్టుకోండి. నేల నుంచి ఒక మీటరు ఎత్తున, గోడకు మరక పడకుండా కాగితపు టేపు ముక్కలు అంటించి ఆ గీత గుర్తించవచ్చు. ఎత్తులన్నీ ఆ గీత నుంచే పైకీ కిందికీ కొలవాలి, నేల నుంచి కాదు. వందేళ్ల నేల ఎక్కడా సమంగా ఉండదు. గొట్టంలో గాలి బుడగ మిగిలితే మట్టం తప్పుతుంది, కాబట్టి రెండు కొసలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి.

గోడ పొడవునా తలుపులు, కిటికీలు, గూళ్లు కొలిచేటప్పుడు టేపును ఒక మూల దగ్గర సున్నాలో పెట్టి కదపకుండా అన్ని అంకెలూ వరుసగా చదవాలి. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే ఒక్కో ముక్కలో అర సెంటీమీటరు తేడా వచ్చినా పది ముక్కలకు అయిదు సెంటీమీటర్లవుతుంది. ప్రతి గదికీ నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలూ కొలవండి. కర్ణాలు తీయని గది కాగితం మీద చతురస్రంగా వచ్చేస్తుంది. నిజంగా అది వంకరగా ఉంటే ఆ వంకరలో పాత గోడో, పాత దారో దాగి ఉంటుంది. గోడ మందం తలుపు సందుల్లో తెలుస్తుంది. పక్క గదికీ ఈ గదికీ లోపలి కొలతలకు గోడల మందం కలిపితే వచ్చేది బయటి కొలతతో కలవకపోతే, నడుమ మూసేసిన మెట్లో అలమరో ఉన్నట్టే.

కమానుకు వెడల్పు, కమాను మొదలయ్యే ఎత్తు, శిఖరం ఎత్తు, ఈ మూడే కొలిచి వదిలేస్తే ప్రతి కమానూ ఒకే ఆకారంలో గీసేస్తాం. అడ్డంగా దారం కట్టి, 15 సెంటీమీటర్లకొకసారి దారం నుంచి కమాను అంచు దాకా ఎత్తు తీయండి. నాలుగు కేంద్రాల కమానా, అర్ధవృత్తమా, ఆకుల అంచు కమానా అన్నది అప్పుడే తేలుతుంది. ఆవరణకు 1:200, గదుల ప్లానుకు 1:50, తలుపు చెక్కడానికి 1:10, గచ్చు (సున్నపు పూత) అంచు పట్టీలకు అసలు సైజులోనే గీత. గచ్చు పట్టీ ఆకారం పట్టడానికి మెత్తటి సీసపు తీగను వత్తి కాగితం మీద గీసుకోవచ్చు. దాన్ని రేపు మేస్త్రీ రేకు అచ్చుగా కత్తిరించుకుంటాడు కాబట్టి ఇక్కడ ఓపిక పట్టండి. ఫొటోలతో త్రీడీ నమూనా చేసేటప్పుడు ఒక ఫొటో మీద ఇంకో ఫొటో కనీసం 70 శాతం పడాలి. ఎండ పడిన గోడ సగం నీడలో ఉంటే నమూనా చెడుతుంది. తెల్లవారి నీడలోనో మబ్బు పట్టిన రోజునో తీయండి.

ఏది ముందు, ఏది వెనక

గోడ మీద నిలువునా ఒకే గీతలా దర్జు దిగిందంటే అక్కడ రెండు వేర్వేరు కాలాల గోడలు ఆనుకున్నాయని అర్థం. కలిపి కట్టిన గోడలో రాళ్లు పళ్లలా ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి. అడుగున గ్రానైటు, పైన ఇటుక, మీద గచ్చు ఈ ఊళ్లో మామూలే, కానీ ఇటుక సైజు మారిన ఎత్తు దగ్గర ఆగి చూడండి. ఇనుప గర్డర్లు, వాటి నడుమ ఇటుక కమాన్ల మిద్దె కనబడితే ఆ గది కప్పు 19వ శతాబ్ది చివరిదో ఆ తర్వాతిదో. గర్డరు నడుము మీద కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండొచ్చు, టార్చి ఏటవాలుగా వేసి చదవండి. టాటా పేరుంటే అది 1912 తర్వాతిదే, వాళ్ల ఉక్కు తయారీ మొదలైంది ఆ ఏడే. గుడి 1830లదైనా కప్పు దాని కంటే ఎనభై తొంభై ఏళ్లు చిన్నది కావచ్చన్నమాట.

రంగు పొరల కోసం ఎవరికీ కనబడని మూలలో రూపాయి బిళ్లంత చోట బ్లేడుతో ఏటవాలుగా గీకండి. చెట్టు వలయాల్లా పొరలు బయటపడతాయి. పైన ఆయిల్ పెయింటు, దాని కింద డిస్టెంపరు, ఇంకా కింద వెల్ల మీద వెల్ల. భూతద్దంతో చూసి, లెక్కపెట్టి, ఫొటో తీయండి. ఈ ఆయిల్ పెయింటే గోడ ఊపిరి ఆపేదని గుర్తుంచుకోండి.

నీరు ఎటునుంచి

తడి మూడు దారుల్లో వస్తుంది. మూడింటికీ మందు వేరు. పైనుంచి దిగే తడి కప్పు అంచునో తూము దగ్గరో మొదలై కిందికి నాలుకలా సాగుతుంది, వాన ఆగిన కొన్నాళ్లకు ఆరుతుంది. నేలనుంచి ఎక్కే నెమ్ము గోడ అడుగు పొడవునా ఒకే ఎత్తున, మీటరు దాకా, అలల అంచుతో ఉంటుంది. ఆ అంచు మీదే తెల్లటి ఉప్పు తేలుతుంది, వేసవిలోనూ పోదు. మూడోది లోపలి ఆవిరి. గాలి ఆడని వంటశాలలో, దీపాల పొగ పట్టిన గర్భగుడిలో పైభాగాన బూజుగా కనిపిస్తుంది. ఒకే గోడ మీద రెండు దారులూ కలవొచ్చు. అందుకే వానాకాలంలో పదిహేను రోజులకొకసారి అదే చోటు నుంచి అదే కోణంలో ఫొటో తీసి, మరక అంచును చిత్రం మీద తేదీతో గీయాలి.

నెమ్ముకు ఈ నగరంలో ప్రధాన కారణం రోడ్డే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్లీ సీసీ వేసినప్పుడల్లా వీధి మట్టం పైకి వస్తుంది, మఠం బేస్‌మెంట్ కిందికి పోతుంది. అసలు మూడు మెట్లు ఎక్కాల్సిన దేవిడీలోకి ఇప్పుడు దిగి వెళ్తున్నామంటే నేల తడి గోడ మధ్యకు చేరినట్టే. రెండో కారణం, శుభ్రంగా ఉంటుందని చౌకంతా సిమెంటు వేసి షాబాదు రాళ్లు పరవడం. నేలలోంచి ఆవిరైపోవాల్సిన తడికి దారి మూసుకుపోయి, అది గోడ లోపలికి ఎక్కుతుంది. గోడకు సిమెంటు ప్లాస్టరు వేస్తే ఇంకా పైకి, ప్లాస్టరు ఆగిన చోటి దాకా ఎక్కుతుంది. అక్కడ ఆవిరవుతూ ఉప్పును ఇటుకలోనే గడ్డ కట్టిస్తుంది. ఆ ఉప్పు ఉబ్బి ఇటుకను పొడి చేస్తుంది. సిమెంటు గట్టిగా నిలబడి వెనక ఇటుక పిండి అయిపోయిన గోడలు ఇలాగే తయారవుతాయి. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి జరిగిన పనిలో 20వ శతాబ్దంలో వేసిన సిమెంటు పొరలు తీసి సున్నంతో గచ్చు చేయడానికి కారణం ఇదే.

తేలిన ఉప్పును ఎప్పుడూ నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, కాగితం మీద పట్టి, ఆవరణ బయట పారేయాలి. దులిపిన ఉప్పును తూకం వేసి నెలనెలా రాసుకుంటే నెమ్ము పెరుగుతోందా తగ్గుతోందా అంకెల్లోనే తెలుస్తుంది.

మిద్దె మీదికి జడివానలోనే ఎక్కి చూడాలి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్ల నీళ్లు. నాలుగు తూముల్లో ఒకటి పావురాల రెట్టతో మూసుకుపోయినా, మధ్యలో డిష్ బిగించి వాలు చెడినా, ఆ నీరు పిట్టగోడ అడుగున నిలబడి గోడలోకి దిగుతుంది. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని దూలం నడుమ పెట్టారా, గోడ మీద పెట్టారా చూడండి.

నెర్రెలు, కలప

నెర్రె ఎటు సాగుతోందో చూస్తే కారణం సగం తెలుస్తుంది. కిటికీ మూలనుంచి మెట్లలా ఏటవాలుగా సాగితే పునాది ఒకవైపు కుంగుతోంది. కమాను శిఖరం దగ్గర నిలువుగా విచ్చుకుంటే కింది గోడలు బయటికి తోసుకుపోతున్నాయి. కప్పు కింద అడ్డంగా ఉంటే దూలం కొస కుళ్లిందేమో అనుమానించండి. నెర్రె పాతదా, ఇంకా కదులుతోందా అన్నదే అసలు ప్రశ్న. సన్నటి గాజు పట్టీని నెర్రెకు అడ్డంగా రెండు కొసలా ముద్దతో అంటించి, మీద తేదీ రాయండి. పగిలితే కదలిక ఉన్నట్టు. ఎంత కదిలిందో తెలియాలంటే నెర్రెకు రెండువైపులా చిన్న ఇత్తడి మేకులు పాతి, నడుమ దూరాన్ని వెర్నియర్‌తో (సన్నటి తేడాలు కొలిచే పరికరం) నెలకొకసారి, పొద్దున అదే వేళకు కొలవాలి. మేలో మధ్యాహ్నం తీసిన కొలతను డిసెంబరు ఉదయపు కొలతతో పోలిస్తే ఎండకు గోడ ఉబ్బిన తేడానే నెర్రె కదలిక అనుకుంటారు. అందుకే ఏడాది లెక్కలు లేకుండా నెర్రె గురించి తీర్పు చెప్పకండి.

టేకు దూలాలు నడుమ గట్టిగా ఉండి గోడలో దూరిన కొసల దగ్గర కుళ్లుతాయి. స్క్రూడ్రైవరు కొసతో నొక్కండి, టేకులో అది దిగకూడదు. అర సెంటీమీటరు మెత్తగా దిగిందంటే కొస పోయినట్టే. కుళ్లిన ముక్క వరకే కోసి పాత టేకు అతికించొచ్చు, దూలమంతా మార్చనక్కర్లేదు. గోడ మీద రావి మొలిస్తే పీకొద్దు, వేరు దర్జులను కూడా తెచ్చుకుంటుంది. మొదలు కోసి, కోత మీద మందు పూసి, వేరు ఎండి చచ్చాక రాళ్లు విప్పి తీయాలి.

గచ్చును వేలి గణుపుతో తట్టుకుంటూ పోండి. డొల్లగా మోగిన చోటల్లా చిత్రం మీద గీయాలి. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు ముక్క ఊడిపడింది. మనుషులు నడిచే దారి మీది గచ్చును ముందు తట్టి చూడాల్సింది ఇందుకే.

పాత సున్నంలో ఏముంది

కనబడని చోట, దర్జులో కనీసం 3 సెంటీమీటర్ల లోతు నుంచి నమూనా తీయండి. పైన ఉన్నది తర్వాతి మరమ్మతు కావచ్చు. ఆరబెట్టి, రోకలితో మెత్తగా చిదిపి (ఇసుక నలగకూడదు), 100 గ్రాములు తూచండి. గాజు పాత్రలో 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా పోయాలి. పలచన చేసేటప్పుడు యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు, ఆరుబయట పని. నురగ పూర్తిగా ఆగాక వడకట్టి, కడిగి, ఆరబెట్టి తూచండి. 72 గ్రాములు మిగిలితే కరిగిన 28 గ్రాములు గట్టిపడిన సున్నం. దాన్ని 0.74తో గుణిస్తే మొదట కలిపిన నీరు చల్లిన సున్నం దాదాపు 20.7 గ్రాములు. అంటే తూకంలో ఒక పాలు సున్నానికి మూడున్నర పాళ్ల ఇసుక. ఈ అంకెను నేరుగా మేస్త్రీకి చెప్పకండి. ఆయన తట్టలతో కొలుస్తాడు, పొడి సున్నం ఇసుక కంటే చాలా తేలిక, తట్టల లెక్కలో సున్నం పాలు ఇంకా పెరుగుతుంది. ఇసుకలో సున్నపురాయి నలుసులు ఉంటే అవీ కరిగి లెక్క తప్పిస్తాయి. మిగిలిన ఇసుకను జల్లెడ పట్టి, రంగు చూసి, ఎర్రటి పొడి ఉంటే సుర్ఖీ (ఇటుక పొడి) అని రాసుకుని, అదే రకం ఇసుక వెతకండి.

సున్నం పని

దసరా నుంచి శివరాత్రి దాకా గచ్చు కాలం. వానలో సున్నం కారిపోతుంది, ఎండాకాలంలో గట్టిపడకముందే ఆరిపోయి పొడిగా రాలుతుంది. కాల్చిన సున్నపు గడ్డలను గుంటలోని నీళ్లలో వేసి, జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలబెట్టి కనీసం నెల, వీలైతే మూడు నెలలు నాననివ్వాలి. నానని నలుసు గోడలో ఉండగా ఉబ్బి గచ్చు మీద బొబ్బలా పేలుతుంది. తర్వాత ఇసుకతో, పాతదాంట్లో ఉంటే సుర్ఖీతో కలిపి గానుగలో రుబ్బాలి. మిక్సర్‌లో తిప్పితే కలుస్తుంది గాని రుబ్బినంత పట్టు రాదు. కరక్కాయ, బెల్లం నీళ్లు పట్టు కోసమే. ఎక్కువైతే బూజు, చీమలు పడతాయి. ఎంత వేయాలన్నది చదరపు మీటరు నమూనా గోడ మీద తేల్చుకోండి, ఒక వానాకాలం గడిచాక మిగతాది చేయించండి.

పాత సిమెంటును ఉలి, చిన్న సుత్తెతోనే తీయాలి. గ్రైండరు అదురుకు వెనక ఇటుక రాలుతుంది. ముందు ఒక అడుగు చదరం తీసి చూడండి. సిమెంటుతో పాటు ఇటుక ముఖం ఊడొస్తుంటే అక్కడ ఆగిపోవాలి. ప్రతి పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకూడదు, కింది పొర గట్టిపడ్డాకే పైది వేయాలి. పై నునుపు పొర 2, 3 మిల్లీమీటర్లు. గోడను ముందురోజే తడపాలి, తర్వాత కనీసం పది రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. వరుస మారిస్తే పనంతా వృథా. ముందు తూములు, బయటి నేల వాలు, తర్వాత చెట్లు, మిద్దె, దూలాలు, గోడ, అన్నిటికన్నా చివర గచ్చు, వెల్ల. మఠాల్లో పండుగ దగ్గరపడిందని ముందు వెల్ల వేయమంటారు. అప్పుడు వీధివైపు ముఖానికి వెల్ల వేసి, లోపలి వరుస చెడకుండా చూసుకోండి.

చిత్రాలు, నెర్రె కొలతలు, ఫొటోలు మూడు ప్రతులు తీసి, ఒకటి మఠం పెద్దలకే ఇవ్వండి. కొత్తగా పెట్టిన రాయికి, అతికించిన టేకు ముక్కకు గోడలో దాగే ముఖం మీద సంవత్సరం చెక్కించండి. మళ్లీ ఎవరో కొలతపట్టీతో వచ్చి విప్పి చూసినప్పుడు, మీ పనిని 1830ల పని అనుకోకుండా ఉంటారు.